తొమ్మిది బల్లల కోర్సు

(బరంపురంలో తెలుగువాళ్ళు జరుపుకున్న ఒక సంస్మరణ సభలో ఆఖరున మాట్లాడిన విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడి ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. అమ్మలకీ, అయ్యలకీ, వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ హోటలు కుర్రాళ్ళకీ. బాబూ, మీరు ముందుకొచ్చి కూర్చోండి. ఈవేళ మీరు వడ్డించక్కర్లేదు. ముందు వరసలో ఐదు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పెద్దవాళ్ళకోసం ఉంచారంటే, ఇంక రాబోయే పెద్దవాళ్ళెవరూ లేరు. ఆ, అలా రండి.

నాకంటే ముందు నలుగురు మాట్లాడారు. బాగానే మాట్లాడారు. ఒకాయన మా మావయ్యని అంతర్జాతీయ క్రీడాకారుడన్నారు. ఇంకొకాయన ఇంకాస్త ముందుకెళ్ళి, బ్రిటిష్ ఓపెన్ గోల్ఫ్ పోటీ ఐదుసార్లు గెలిచిన పీటర్ థామ్సన్‌ని మావయ్య కలకత్తాలో ఓడించాడన్నారు. ఈ మాట నేను నలభై ఏళ్ళుగా వింటున్నాను. ఆయన బతికుండగా ఆయన్నే అడిగాను. "థామ్సన్‌ని చూశానురా, పేపర్లో. పకోడీ పొట్లం విప్పితే అందులో ఉన్నాడు" అన్నాడు. (నవ్వులు)

మావయ్య అంటున్నాను గానీ నాకు చుట్టరికం ఏమీ లేదు. ఆయన ఊరందరికీ మావయ్యే. కర్ర మావయ్య. హోటలు బోర్డు మీద ఏదో దేవుడి పేరుంది. ఏ దేవుడో ఇక్కడున్న వాళ్ళలో సగం మందికి తెలియదని పందెం కాస్తాను. కర్ర మావయ్య హోటలు అంటేనే రిక్షా కదిలేది.

మరి ఆయన ఏం గెలిచాడు? చెప్పుకోదగ్గది ఏదీ గెలవలేదు. ఈ ముక్క అత్తయ్య ఎదురుగానే చెబుతున్నాను. ఆయన క్లబ్ ప్రో. ప్రో అనగానే మనకి టీవీలో కప్పు ఎత్తుకున్నవాడు గుర్తొస్తాడు. పాత కాలంలో క్లబ్బులో ప్రో అంటే మెంబర్లకి ఆట నేర్పేవాడు, విరిగిన కర్రలు బాగుచేసేవాడు, బంతులమ్మేవాడు. మాస్టారు, వడ్రంగి, కొట్టువాడు, ముగ్గురూ ఒక్కడే. జీతం అంటూ పెద్దగా ఉండదు. పాఠానికింత, మరమ్మత్తుకింత. ఆ పని ఆయన పదేళ్ళు చేశాడు. అంతకుముందు పద్నాలుగేళ్ళు ఇతరుల బంతులు వెతికాడు, కర్రల సంచులు మోశాడు.

ఆయన పుట్టింది 1938లో, ఇక్కడే, పట్టు నేసేవాళ్ళ వీధిలో. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమయ్యేదాకా మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా. వాళ్ళ అన్నయ్య మద్రాసులో పుట్టినట్టు లెక్క, ఈయన ఒరిస్సాలో పుట్టినట్టు లెక్క. ఇల్లు ఒకటే, మంత్రసాని ఒకతే. వాళ్ళ నాన్నగారిది మగ్గం పని. పడుగు మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, ఏ పోగు వదులుగా ఉందో చెప్పేవాడట. పోగుని గట్టిగా పట్టుకుంటే తెగుతుంది, వదిలేస్తే జారిపోతుంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

నాన్నగారు పోయాక మగ్గం అమ్మేశారు. పిల్లాణ్ణి ఖరగ్‌పూర్‌లో ఉన్న మేనమామ దగ్గరికి పంపారు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో మనవాళ్ళు ఎంతమంది ఉండేవారో ఈ సభలో చెప్పక్కర్లేదు, ప్రతి ఇంటికీ ఒక ఖరగ్‌పూర్ చుట్టం ఉన్నాడు. అక్కడ రెండేళ్ళున్నాడు. బడి అబ్బలేదు. 1952లో, పద్నాలుగో ఏట, ఎవరో పనుందంటే మెయిలు బండెక్కి కలకత్తా వెళ్ళాడు.

కలకత్తాలో గోల్ఫ్ అనేది ఎంత పాతదో వింటే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బు 1829లో మొదలైంది. బ్రిటన్ బయట ప్రపంచంలో అంతకన్నా పాత గోల్ఫ్ క్లబ్బు లేదు. సిపాయిల తిరుగుబాటుకి ఇరవై ఎనిమిదేళ్ళ ముందు! మన దగ్గర ఇంకా రైలు కూత కూడా వినపడని రోజుల్లో దొరలు అక్కడ బంతి కొట్టుకుంటున్నారు. మావయ్య పనిచేసింది అందులో కాదు, వేరే క్లబ్బులో. దాని పేరు నేను చెప్పను. ఎందుకు చెప్పనో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మొదట ఆగేవాలా పని. అంటే బంతి కొట్టేవాడికన్నా ముందుకెళ్ళి దూరంగా నిలబడాలి. బంతి ఎక్కడ పడిందో చూసి పెట్టుకోవాలి. అంగుళంన్నర బంతి, ఆకాశంలోకి లేచి ఫర్లాంగు అవతల గడ్డిలో పడుతుంది. పోయిందంటే తిట్లు, ఆ రోజు డబ్బుల్లో కోత. నాలుగేళ్ళు అదే పని. ఆ కళ్ళు ఎలాంటివో ఆయన హోటల్లో తిన్నవాళ్ళకి తెలుసు. గల్లా దగ్గర తల వంచుకుని చిల్లర లెక్కపెడుతూనే, "ఏడో బల్లకి నీళ్ళు" అనేవాడు. ఏడో బల్ల ఆయన వీపు వెనకాల ఉండేది. ఎలా కనిపించేదో నాకిప్పటికీ తెలియదు.

తరవాత క్యాడీ, అంటే ఆటగాడి కర్రల సంచి మోసేవాడు. క్యాడీల్లో ఎ క్లాసు, బి క్లాసు అని ఉండేది. సోమవారం మెంబర్లు రారు, ఆ రోజు క్యాడీలు ఆడుకోవచ్చు. నలుగురికి కలిపి ఒకటే కర్ర. విరిగిపోయి పారేసిన ఇనుప తలకి వెదురు బిగించింది. ఒక్క కర్రతో దూరం కొట్టాలి, దగ్గర కొట్టాలి, ఇసుకలోంచి లేపాలి, గుంతలో వేయాలి. నిబంధనల ప్రకారం సంచిలో పద్నాలుగు కర్రలు పెట్టుకోవచ్చు. "నాకు పద్నాలుగు దొరికేసరికి పదమూడు దండగ అనిపించింది" అనేవాడు.

ఆ క్లబ్బులో ఒక ముసలి ప్రో ఉండేవాడట, ఆయన ఈ కుర్రాడి చేతులు చూశాడు. గోల్ఫ్‌లో అన్నిటికన్నా ముందు నేర్పేది కర్ర పట్టుకోవడం. హ్యారీ వార్డన్ అని ఆరుసార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచినవాడు, ఆయన పేరుతో ఒక పట్టుంది. ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద, కుడి చిటికెన వేలు వచ్చి ఎడమ చూపుడువేలుకీ మధ్యవేలుకీ నడుమ సందు మీద కూర్చోవాలి. ఇదిగో, ఇలాగ. రెండు చేతులూ ఒక్క చెయ్యిలా పనిచేయాలని. చాలామందికి ఆరునెలలు పడుతుంది, కంగారులో బిగించేస్తారు. ఈ కుర్రాడికి మొదటిరోజే వచ్చేసింది. బరంపురం పట్టుపోగు పట్టుకున్న చేతులు. ముసలాయన అడిగితే, "మా నాన్న చీరలు నేసేవాడు" అన్నాడట. దానికీ దీనికీ సంబంధం ఏంటో ఆయనకి అర్థం కాలేదు. నాకు మాత్రం అర్థమైంది. నేను ఆ వీధిలోనే అద్దెకున్నాను.

1965లో ఇండియన్ ఓపెన్ కలకత్తాలో జరిగింది. అది మొదలై అప్పటికి ఏడాదే. 1964లో ఢిల్లీలో మొదటిసారి పెడితే థామ్సనే గెలిచాడు. రెండో ఏడు మనవాడు గెలిచాడు, పి.జి. సేథీ. కానీ సేథీ అమెచ్యూర్, ఆటని వృత్తిగా చేసుకున్నవాడు కాదు. అమెచ్యూర్ కప్పు తీసుకోవచ్చు, డబ్బు ముట్టకూడదు. మావయ్య ఆ వారమంతా ఒక విదేశీ ఆటగాడి సంచి మోశాడు. "మనవాడు గెలిచాడని ఎగిరి గంతేశాం. తరవాత రాత్రి షెడ్డులో కూర్చుని ఆలోచిస్తే, గెలిచింది మెంబరు. మనం కాదు" అన్నాడు నాతో ఒకసారి. అందులో కోపం లేదు, లెక్క తేల్చినట్టు చెప్పాడు. మరుసటి ఏడాది 1966లో ముసలి ప్రో మంచాన పడితే ఈయన్ని ఆ చోట్లో వేశారు.

ఇప్పుడు గుమ్మం సంగతి.

ప్రో అయ్యాక కూడా క్లబ్బు భవనంలోకి ముందు గుమ్మంలోంచి వెళ్ళడానికి లేదు. ఇది మన దేశంలో పుట్టిన జబ్బేం కాదు, ఆటతో పాటు దిగుమతి అయిందే. అమెరికా వాడు వాల్టర్ హేగన్ కథ మావయ్య హరిశ్చంద్రుడి కథ చెప్పినట్టు చెప్పేవాడు. 1920లో ఇంగ్లండులో డీల్ అనే ఊళ్ళో బ్రిటిష్ ఓపెన్. హేగన్ అప్పటికే అమెరికా ఓపెన్ రెండుసార్లు గెలిచినవాడు. బట్టలు మార్చుకుందామని క్లబ్బులోకి వెళ్తే, ప్రోలకి ఇక్కడ ప్రవేశం లేదు, బయట కొట్టులో మార్చుకోండి అన్నారు. ఆయనేం గొడవ పడలేదు. ఒక పెద్ద కారు, డ్రైవరుతో సహా, అద్దెకి మాట్లాడి, తెచ్చి సరిగ్గా క్లబ్బు ముందు గుమ్మం ఎదురుగా పెట్టించాడు. వారమంతా ఆ కారులోనే బట్టలు మార్చుకున్నాడు. అదే ఏడాది అమెరికాలో ఇన్వర్‌నెస్ అనే క్లబ్బువాళ్ళు ఓపెన్‌కి వచ్చిన ప్రోలందరికీ తలుపులు తెరిస్తే, ప్రోలు చందాలు వేసుకుని వాళ్ళకి నిలువెత్తు గడియారం బహుమతిగా ఇచ్చారు. 1923లో ట్రూన్‌లో హేగన్ రెండో స్థానంలో వచ్చాడు. బహుమతులివ్వడానికి లోపలికి రండంటే, వారమంతా మమ్మల్ని రానివ్వని గుమ్మం ఇప్పుడు తొక్కనని బయటే ఉండిపోయాడు. ఇది చెప్పినప్పుడల్లా మావయ్య ఒక మాట కలిపేవాడు, "అన్నట్టు డీల్‌లో ఆ వారం హేగన్ ఆట మాత్రం చెత్త." (నవ్వులు) హీరోని కూడా స్కోరు దగ్గర వదిలిపెట్టేవాడు కాదు.

హేగన్‌కి కారు అద్దెకి తీసుకునే డబ్బుంది. మన మావయ్యకి? ఒక మెంబరు ఉండేవాడు, పెద్ద వ్యాపారి, ఆరేళ్ళు ఈయన దగ్గర పాఠాలు నేర్చుకున్నాడు. ఒకసారి ఏదో కప్పు గెలిచిన సంతోషంలో భుజమ్మీద చెయ్యి వేసి, పద, లోపల టీ తాగుదాం అని తీసుకెళ్ళాడు. డైనింగ్ హాలు గుమ్మం దగ్గర బేరర్ ఆపాడు. మెంబరు గారిని కాదు, ఈయన్ని. ఆ పెద్దమనిషి ఒక్క క్షణం నిలబడి, ఏమీ మాట్లాడకుండా, భుజం మీంచి చెయ్యి తీసేసి లోపలికి వెళ్ళిపోయాడు. మావయ్య నాకు ఈ సంగతి చెప్పింది ఒక్కసారే. చెబుతున్నప్పుడు బేరర్‌ని తిట్టలేదు, మెంబర్ని తిట్టలేదు. "చెయ్యి తీసేశాడురా" అన్నాడంతే.

అక్కణ్ణుంచి చుట్టూ తిరిగి వెనక్కి, వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. అక్కడ అసలు కథ ఉంది. కలకత్తాలో పెద్ద వంటిళ్ళలో ఒడియా వంటవాళ్ళు ఉండటం పాత సంగతి. ఆ క్లబ్బు వంటింట్లో పెద్ద ఠాకూర్, అంటే పెద్ద వంటవాడు, మన అస్కా వైపు మనిషి. గంజాం యాస వినగానే పీట వేశాడు. ఆరోజు నుంచి ఉద్యోగం మానేసేవరకూ మావయ్య భోజనం ఆ వంటింట్లోనే. ఊరికే కూర్చుని తినే రకం కాదు గదా, కూరలు తరిగాడు, పిండి పిసికాడు. సాయంత్రాలు పాఠాలు లేనప్పుడు పొయ్యి దగ్గర నిలబడ్డాడు. దాల్మా అంటే పప్పూ కూరగాయలూ కలిపి వండే ఒడియా వంటకం. అందులో పచ్చి బొప్పాయి ఎప్పుడు వేయాలి, గుమ్మడికాయ ఎప్పుడు వేయాలి, వేయించిన జీలకర్ర పొడి దింపాకే ఎందుకు చల్లాలి, ఇదంతా అక్కడ నేర్చుకున్నదే. డైనింగ్ హాల్లోకి రానిచ్చి ఉంటే ఆయన జీవితంలో ఒక కప్పు టీ తాగేవాడు. రానివ్వలేదు, హోటలు పెట్టాడు. క్లబ్బుకి నేను కృతజ్ఞతలు చెప్పాలా అంటే, చెప్పను. పేరు కూడా చెప్పను.

1976లో నడుం పట్టేసింది. గోల్ఫ్ కొట్టేవాళ్ళకి నడుమే పోతుంది, ప్రతి దెబ్బకీ మెలితిప్పాలి. పింఛను లేదు. ఒక కాగితం, ఒక సంచీ, అందులో సగం సెట్టు కర్రలు ఇచ్చి పంపారు. అత్తయ్యతో, ఇద్దరు పిల్లలతో ఇక్కడికొచ్చాడు.

ఇక్కడొక సంగతి. ఇందాకటి నుంచి ఈ వేదిక మీద అత్తయ్య మాట ఎవరూ ఎత్తలేదు. హోటలు పెట్టింది అత్తయ్య గాజులతో. దాల్మా ఆయనది కావచ్చు, ఇడ్లీ పిండి ఆవిడది. అప్పడాలు, వడియాలు, మాగాయ, అన్నీ ఆవిడ చేతివే. బరంపురం అప్పడాలకి ఊరూరా పేరుంది కదా, మా వరకూ ఆ పేరు ఆవిడదే. తెల్లవారుజామున మూడింటికి లేచి పొయ్యి వెలిగించేది ఎవరు? ఆయన నాలుగింటికి లేచేవాడు. అత్తయ్యా, నిజమేనా? (ఆవిడ తల ఊపారు. ‘‘నాలుగున్నర’’ అన్నారు. నవ్వులు, చప్పట్లు.)

ఈ మధ్య పెద్ద గోల్ఫ్ ఆటగాళ్ళు చాలామంది హోటళ్ళు పెడుతున్నారు. టైగర్ వుడ్స్‌కి ఫ్లోరిడాలో ఉంది, 2015లో పెట్టాడు. ఎర్నీ ఎల్స్ వాళ్ళ దేశం దక్షిణాఫ్రికాలో పెట్టాడు. వాళ్ళు తమ పేరు హోటలుకి ఇచ్చారు. ఇక్కడ తిరగబడింది, హోటలే మావయ్యకి పేరిచ్చింది. కర్ర అన్నది ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, గల్లా వెనక మూల ఆ సంచీ ఉండేది. కొత్తవాళ్ళు అది చేపలు పట్టే సరంజామా అనుకునేవారు.

హోటల్లో తొమ్మిది బల్లలు. ఇల్లు అంతే పట్టింది. "సగం కోర్సు" అనేవాడు, ఎందుకంటే పూర్తి గోల్ఫ్ కోర్సుకి, అంటే ఆడే మైదానానికి, పద్దెనిమిది గుంతలు. ఇంక ఆ తొమ్మిది బల్లల మీద ఆయన పెట్టిన రూలు చూడండి. గోల్ఫ్‌లో ఒక్కో గుంతకి ఇన్ని దెబ్బలని లెక్క ఉంటుంది, దాన్ని పార్ అంటారు. ఇక్కడ ఇడ్లీకి పార్ మూడు, దోశకి పార్ నాలుగు, భోజనానికి పార్ ఐదు. అంటే అన్ని నిమిషాల్లో బల్ల మీద ఉండాలి. ఒక నిమిషం ముందొస్తే బర్డీ, ఆలస్యమైతే బోగీ. వడ్డించే కుర్రాళ్ళు, సోరొడ, భంజనగర్ అటునుంచి వచ్చినవాళ్ళు, జన్మలో గోల్ఫ్ చూడనివాళ్ళు, "ఆజ్ఞా, మూడో బల్ల బోగీ!" అని అరిచేవారు. ఆజ్ఞా అంటే ఒడియాలో అయ్యా అని. నేను కాలేజీలో చేరిన కొత్తల్లో బోగీ అంటే ఒడియా మాట అనుకున్నాను. ఏదో తిట్టనుకున్నాను. మా లెక్చరర్ గారు ఆలస్యంగా వస్తే వెనక బెంచీలోంచి అదే అన్నాను కూడా. (నవ్వులు)

గారె సంగతి చెప్పాలి. వంటింటి గూట్లో ఒక త్రాసు ఉండేది, ఒక తక్కెడలో ఎప్పుడూ గోల్ఫ్ బంతి. గారెకి తీసే పిండిముద్ద ఆ బంతితో తూగాలి. గోల్ఫ్ బంతి బరువు ఎంతకి మించకూడదో నిబంధన ఉంది, 45.93 గ్రాములు. ఇంగ్లీషు కొలతలో 1.62 ఔన్సులు. మావయ్య కాలంలో మన దేశంలో ఆడింది చిన్న బంతి, దాని అడ్డుకొలత కూడా 1.62 అంగుళాలే. అమెరికావాళ్ళది 1.68 ఉండేది, 1990 నుంచి అందరికీ పెద్దదే ఖాయం చేశారు. మావయ్య చిన్న బంతి వదల్లేదు. బరువు రెండిటికీ ఒకటే కదా అంటే, పెద్దది తక్కెడలో దొర్లుతుందన్నాడు. మొదటి గారెకీ నూరో గారెకీ తేడా ఉండేది కాదు. ఊళ్ళో మిగతా హోటళ్ళలో పొద్దున్న గారె, పదింటి గారె అన్నదమ్ముల్లా కూడా ఉండవు.

గుమ్మం ఒక్కటే. స్థలం ఇచ్చినాయన వెనక వీధిలోకి కూడా తలుపు పెట్టుకోమన్నాడు, సరుకు దింపుకోవడానికి, పనివాళ్ళు రావడానికి వీలుగా ఉంటుందని. పెట్టలేదు. కట్టెల బండి, పాలవాడు, ఊడ్చే ఆవిడ, బ్యాంకు మేనేజరు, అందరూ ముందునుంచే. మధ్యాహ్నం రద్దీలో కట్టెలమోపు బల్లల మధ్యనుంచి వెళ్తుంటే చొక్కాలకి గీసుకునేది. విసుక్కున్నవాళ్ళున్నారు, నేనూ విసుక్కున్నాను. ఇదేం చాదస్తం మావయ్యా అన్నాను. అప్పుడే నాకు ఆ భుజం మీద చెయ్యి సంగతి చెప్పింది.

మెడికల్ కాలేజీ ఆసుపత్రికి సోంపేట, ఇచ్ఛాపురం, పలాస నుంచి మనవాళ్ళు వస్తారు కదా. రోగిని లోపల పెట్టి, వెంట వచ్చినవాళ్ళు వరండాలో పడుకుంటారు. వాళ్ళకి భాష రాదు, ఒడియాలో మందుల చీటీ అర్థం కాదు. పొద్దున్నే ఈ హోటలుకొచ్చి చోడి అంబలి తాగి, మావయ్యకి చీటీ చూపించేవారు. ఆయనకి మాత్రం చదువెక్కడిది? అంకెలు బాగా వచ్చు, స్కోరుకార్డులు రాసీ రాసీ. పూటకెన్ని మాత్రలో అంకె చూసి చెప్పేవాడు, మిగతాది మాలాంటి స్టూడెంట్లని పిలిచి చదివించేవాడు. నేను అలా చదివీ చదివీ ఒడియా నేర్చుకున్నాను. మాది ఇచ్ఛాపురం దగ్గర పల్లెటూరు, పాసింజరు బండిలో వచ్చి ఖల్లికోట కాలేజీలో చేరినవాణ్ణి. తరవాత ఇక్కడే తెలుగు బళ్ళో ఉద్యోగం. ఆ బడి కథ ఇంకో సభ.

నా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. ఆ హోటల్లో బిల్లు రాసేవాళ్ళు కాదు. తిన్నది మీరే చెప్పాలి. గోల్ఫ్‌లో అంపైరు వెంట ఉండడు, ఎవడి దెబ్బలు వాడే లెక్కపెట్టుకుని కార్డు మీద సంతకం పెట్టాలి. తక్కువ రాసి సంతకం పెట్టి దొరికితే పోటీలోంచి తీసేస్తారు. ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. నెలాఖరు రోజులు, జేబులో చిల్లర తక్కువ. ఆరు ఇడ్లీలు తిని నాలుగన్నాను. మావయ్య తల ఎత్తకుండా నాలుగు ఇడ్లీలకే డబ్బులు తీసుకున్నాడు. పన్నెండేళ్ళు గడిచాయి. నాకు ఉద్యోగం వచ్చి, పెళ్ళయి, కొడుకు పుట్టాక, ఒక సాయంత్రం గల్లా దగ్గర నిలబడి చెప్పేశాను. ఆయన ఏ మాటా అనకుండా కింద అరలోంచి పాత నోటుబుక్కు తీశాడు. గళ్ళ పుస్తకం, స్కోరుకార్డులా గీసుకున్నది. వెతికి చూపించాడు. నా పేరు, తారీఖు, నాలుగంకె, దాని చుట్టూ సున్నా, పక్కన ఆరు. "మరి అడగలేదేం మావయ్యా?" అన్నాను. "సంతకం నీది గదా" అన్నాడు. సరే, రెండు ఇడ్లీల డబ్బులు ఇస్తానన్నాను. "రెండు కాదు. ఒక్కోదానికి రెండు స్ట్రోకుల పెనాల్టీ. నాలుగు ఇడ్లీలకి ఇవ్వు. ఇప్పటి రేటు" అన్నాడు. తీసుకున్నాడు కూడా! గల్లాలో వేసి, ఆ పేజీలో ఏదో టిక్కు పెట్టాడు. ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ, ఏంటి అంత హుషారుగా ఉన్నారంది.

గోపాలపురం సంగతి త్వరగా చెప్పేస్తాను, అది నిలబడలేదు కాబట్టి. ఎనభైల్లో ఒక రెండేళ్ళు, హోటలు సెలవు రోజున, బస్సులో గోపాలపురం వెళ్ళి సముద్రం ఒడ్డున నోలియా పిల్లలకి ఆట నేర్పాలని చూశాడు. నోలియాలు తెలుగు మాట్లాడే జాలరులే కదా. పూర్వం నీళ్ళు చాలని ఊళ్ళలో గుంత చుట్టూ ఉండే గడ్డి గ్రీన్‌కి బదులు బ్రౌన్ అని ఉండేది, ఇసుకకి నూనె పట్టించి చదును చేసేవాళ్ళు. ఈయన లారీ షెడ్డు నుంచి కాలిన ఇంజినాయిలు తెచ్చి ఒక బ్రౌన్ తయారుచేశాడు. ఆవులు పడుకున్నాయి. వలలు ఆరేశారు. నూనె అంటిందని గొడవైంది. పిల్లలు ఇసుకలోంచి బంతి లేపడం మాత్రం అద్భుతంగా నేర్చుకున్నారట. ఇసుకలో బంతిని కొట్టకూడదు, బంతికి రెండంగుళాల వెనక ఇసుకని కొట్టాలి, ఇసుకే బంతిని ఎత్తి అవతల పడేస్తుంది. ఇసుకలో పుట్టినవాళ్ళు, వాళ్ళకి చెప్పేదేముంది. చేపల సీజను రాగానే పిల్లలు పడవలెక్కారు. ఈయన రావడం మానేశాడు.

1991లో అలీ షేర్ ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఢిల్లీలో క్యాడీగా మొదలైనవాడు, ఆ పోటీ గెలిచిన మొదటి భారతీయ ప్రో. ఇరవై ఆరేళ్ళ కిందట షెడ్డులో కూర్చుని మనం కాదు అనుకున్న మనిషి గదా. ఆ రోజు హోటల్లో టీకి డబ్బులు తీసుకోలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, ఎవరికీ తెలియలేదు కూడా. ఎవరో ఆయనకి మనవడు పుట్టాడన్నారు, ఊళ్ళో అదే పాకింది. రెండు రోజులు వచ్చినవాళ్ళందరూ అత్తయ్యకి శుభాకాంక్షలు చెప్పారు. 2008లో చౌరాసియా ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్ గెలిచినప్పటికి హోటల్లో టీవీ వచ్చేసింది. రాయల్ కలకత్తాలో గడ్డి కోసి చదునుచేసే మాలి కొడుకు చౌరాసియా. నేను పక్కనే ఉన్నాను. ఏడుస్తాడేమో అనుకున్నాను. స్క్రీను దగ్గరికి పోయి నిలబడి, "వాడి ఎడమచెయ్యి చూడు, వాడి ఎడమచెయ్యి చూడు" అంటూనే ఉన్నాడు. పదకొండింటిదాకా ఎవరికీ దోశ లేదు. తొమ్మిది బల్లలూ బోగీ.

2013 అక్టోబరు 12 రాత్రి ఎవరూ మరిచిపోరు. ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. హోటలు రేకులన్నీ లేచిపోయాయి. తెల్లారి వెళ్ళి చూస్తే డెబ్బై ఐదేళ్ళ మనిషి, లుంగీ ఎగ్గట్టి, నీళ్ళలోంచి బల్లలు ఏరుకుంటున్నాడు. కరెంటు లేదు, నీళ్ళు రావు, అలా రోజుల తరబడి. కూలిన చెట్ల కొమ్మలతోనే రోడ్డు మీద పొయ్యి పెట్టారు. బియ్యం, పప్పు, తడిసిన ఉల్లిపాయలు, ఏది దొరికితే అది ఒకే డేగిశాలో. లైను వీధి చివరిదాకా. మావయ్య గరిటె పట్టుకుని నిలబడ్డాడు, అత్తయ్య ఆకులు పంచింది. నాకు గుర్తున్నదేంటంటే, అంత గందరగోళంలో ఒక కుర్రాడు అలవాటు కొద్దీ "బోగీ" అని అరిచాడు. లైనంతా నవ్వింది. తుఫాను తరవాత ఊళ్ళో నేను విన్న మొదటి నవ్వు అది.

రేకులు మళ్ళీ వేయించారు. ఈసారి కొడుకు స్లాబు వేద్దామన్నాడు, ఏసీ పెట్టి పక్కన ఫ్యామిలీ రూము కడదామన్నాడు. ఫ్యామిలీ రూముకి వేరే గుమ్మమా అని అడిగాడట మావయ్య. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడు కడతారేమో, అది వాళ్ళ ఇష్టం, మనం ఈ వేదిక మీంచి చెప్పేది కాదు.

ఎనభై ఆరేళ్ళు బతికాడు. ఆఖరి నెలల్లో మనుషుల పేర్లు మరిచిపోయాడు. చేతులు చూసి గుర్తుపట్టేవాడు. నేను వెళ్తే నా చెయ్యి తీసుకుని తిప్పి చూసి, "ఆరు ఇడ్లీలు" అన్నాడు. (నవ్వులు. కాసేపు నిశ్శబ్దం.)

సంచిలో కర్రలు ఏమయ్యాయని ఇందాక ఎవరో అడిగారు. కొన్ని పిల్లలకిచ్చాడు, కొన్ని ఫైలిన్‌లో పోయాయి. ఒక్కటి మిగిలింది, రెండో నంబరు ఐరన్. ఇనుప కర్రల్లో పొడుగువాటిలో ఒకటి, దాంతో బంతిని లేపడం కష్టమని ఎవరూ అడగలేదు. దాని తల కొక్కెంలా పనికొస్తుందని షట్టరు దించడానికి వాడుతున్నారు. నిన్న రాత్రి పదింటికి నేను అటు వెళ్ళాను. పోయిన ఏడాదే చేరిన కుర్రాడు, ఇదిగో ముందు వరసలో కూర్చున్నాడు, షట్టరు కంతలో కర్ర తగిలించి కిందకి లాగుతున్నాడు. ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద, చిటికెన వేలు వచ్చి సందు మీద కూర్చుంది. అలా పట్టుకోవడం ఎవరు నేర్పారు బాబూ అని అడిగాను.

"నేర్పడమేంటి సార్, ఇలాగే కదా పట్టుకుంటారు" అన్నాడు.